గడియారంలో తొంభై నాలుగు నిమిషాలు

పోయిన వేసవిలో విశాఖపట్నంలో ఒక చెస్ రేటింగ్ టోర్నమెంటుకి నా దగ్గర నేర్చుకునే పిల్లల్ని తీసుకెళ్ళాను. ఒక్కొక్కరికి 90 నిమిషాలు, పైగా ఆడిన ప్రతి ఎత్తుకీ 30 సెకన్లు కలుస్తాయి. మా విజయనగరం కుర్రాడొకడు, పదకొండేళ్ళవాడు, రెండో రౌండులో 28 ఎత్తులకి ఓడిపోయి బయటికొచ్చాడు. వాడు లేచేసరికి వాడి గడియారంలో 94 నిమిషాలున్నాయి.

అచ్చుతప్పు కాదు. 90తో కూర్చుని 94తో లేచాడు. 28 ఎత్తులకి 14 నిమిషాలు కలిశాయి, వాడు ఖర్చుపెట్టింది పదే. ఎదుటి కుర్రాడు మాత్రం ముప్పావుగంట ఆలోచించాడు.

బయట చెట్టుకింద వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. నెల్లిమర్ల రోడ్డులో ఆటో నడుపుతాడు. ఐదు రోజులు ఆటో ఇంటిదగ్గర పెట్టేసి, ఎంట్రీ ఫీజు కట్టి, బస్ కాంప్లెక్స్ దగ్గర చిన్న గది తీసుకుని కొడుకుని ఆడిస్తున్నాడు. పిల్లాడిని చూసి, "అప్పుడే అయిపోయిందేటి నాన్నా?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఆశ్చర్యం మాత్రమే. ఇన్ని డబ్బులు పోసి గంటన్నర ఆలోచన కొనిపెడితే కొడుకు పది నిమిషాలు వాడుకుని మిగతాది అక్కడే వదిలేసి వచ్చాడని ఆయనకి తెలియదు. నాకు తెలుసు. ఆ 94 నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

తప్పు వాడిదని నేననుకోను. ఆదివారం టోర్నీలు పెట్టేవాళ్ళది తప్పు. ఆ పెట్టేవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పటికి పదకొండు పెట్టాను.

మా వైపు చెస్ అంటే ఆదివారం టోర్నీయే. శ్రీకాకుళంలోనైనా, విజయనగరంలోనైనా, పార్వతీపురంలోనైనా పద్ధతి ఒకటే. ఒక స్కూలు హాలో కల్యాణ మండపమో దొరుకుతుంది. ఒక్కరోజులో ఏడు రౌండ్లు. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకి 5 సెకన్లు. తొమ్మిదింటికి ప్రారంభమని కరపత్రంలో ఉంటుంది. ముఖ్య అతిథి పదకొండుకి వస్తారు. దీపం వెలిగించి, ఒకటో బోర్డు దగ్గర తెల్లబంటుని రెండు గళ్ళు జరిపి ఫొటో దిగి, చదరంగం వల్ల జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఓ పావుగంట మాట్లాడి వెళ్తారు. సాయంత్రం ఆరుకి హాలు ఖాళీ చెయ్యాలి. రౌండ్లు తగ్గిస్తే తల్లిదండ్రులు ఊరుకోరు, ఏడంటే ఏడు ఆడించాల్సిందే. కాబట్టి 15 నిమిషాలు కాస్తా 10 అవుతాయి. ఒకసారి నేనే 7 చేశాను. భోజనాలు ఆలస్యమయ్యాయి మరి.

కప్పుల లెక్క ఇంకో కథ. అండర్-7, 9, 11, 13, 15. అబ్బాయిలకి వేరే, అమ్మాయిలకి వేరే. ఒక్కో విభాగానికి ఐదేసి. అంటే యాభై కప్పులు. ఒకసారి అండర్-7 అమ్మాయిల్లో వచ్చిందే నలుగురు. నలుగురికీ ఇచ్చాక ఐదో కప్పు మిగిలిపోయింది. అది ఇప్పటికీ మా ఇంట్లో పెన్నులు పెట్టుకోవడానికి పనికొస్తోంది.

కప్పు వచ్చిన ప్రతి పిల్లాడి ఫొటో మర్నాటికి వాట్సాప్‌లో, వారానికి జంక్షన్లో ఫ్లెక్సీ మీద ఉంటుంది. ఏ కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద ఎక్కువ ముఖాలుంటే అక్కడ అడ్మిషన్లు ఎక్కువ. ఇందులో నేను ఎవరినీ వేలెత్తి చూపించలేను. మా ఇంటి మేడమెట్ల దగ్గరున్న ఫ్లెక్సీలో తొమ్మిది ముఖాలున్నాయి.

ఇంతకీ ఇందులో చెడిపోయేదేమిటి? పిల్లలు ఆడుతున్నారు, గెలుస్తున్నారు, సంతోషంగా ఇంటికెళ్తున్నారు కదా?

చెడిపోయేది ఏమిటంటే, పది నిమిషాల ఆటలో గెలిపించేది ఎదుటివాడి పొరపాటు. మంత్రినీ శకటునీ బయటికి లాగి నాలుగెత్తుల్లో ఆటకట్టు పెట్టడం నేర్చుకున్న ఏడేళ్ళ పిల్ల నాలుగు రౌండ్లు గెలుస్తుంది. దాని జవాబు తెలిసినవాళ్ళు ఎదురైన రోజున ఏం చెయ్యాలో ఆ పిల్లకి తోచదు. అప్పటికి ఇంట్లో మూడు కప్పులుంటాయి. అలవాటు ఎముకల్లోకి దిగిపోయి ఉంటుంది.

ఇంతకంటే పెద్ద నష్టం మరొకటుంది. వేగం ఆటల్లో ఎత్తులు రాయక్కర్లేదు. రాయకపోతే ఆట గాలికి పోయినట్టే. ఆదివారం సాయంత్రం పిల్లాడిని "ఎలా ఓడిపోయావురా?" అని అడగండి. "మంత్రి పోయింది టీచర్" అంటాడు. ఎందుకు పోయిందో, ఎన్నో ఎత్తులో పోయిందో, అంతకు ముందు నాలుగెత్తులు ఏమాడాడో వాడికి గుర్తుండదు. ఏడు ఆటలాడి, ఒక్కదాన్నుంచీ ఏమీ తెచ్చుకోకుండా ఇంటికొస్తాడు. గుర్తు లేని ఓటమి మీద ఏ కోచ్ అయినా ఏం పాఠం చెప్పగలడు?

అదే విశాఖపట్నంలో ఓడిపోయిన ఆట ఇప్పటికీ నా దగ్గరుంది, ఎందుకంటే అక్కడ రాయాలి. పెద్ద ఆటల్లో మా పిల్లల చేత ప్రతి ఎత్తు పక్కనా గడియారంలో మిగిలిన నిమిషాలు కూడా రాయిస్తాను. నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆ సాయంత్రం గదిలో మంచం మీద బోర్డు పెట్టుకుని వాడి కాగితం చూశాం. 16వ ఎత్తు పక్కన 91. 17వ ఎత్తు పక్కన 91. 18వ ఎత్తు పక్కన 92. ఆ పదిహేడో ఎత్తులో వాడు మంత్రితో ఒక మూల బంటుని కొట్టాడు. ఎదుటివాడు గుర్రాన్ని ఒక్క గడి వెనక్కి లాగేసరికి మంత్రికి బయటికి దారి లేదు. ఆట మొత్తం తేలిపోయింది ఆ ఒక్క ఎత్తులోనే. దాని మీద వాడు పెట్టిన ఆలోచన నిమిషం కూడా లేదని ఆ అంకెలే చెబుతున్నాయి.

"ఎందుకు కొట్టేవురా?"

"ఊరికే వస్తంది కదా టీచర్."

ఆదివారం టోర్నీల్లో ఊరికే వచ్చినవి నిజంగానే ఊరికే వస్తాయి. వాడు అక్కడ నేర్చుకున్నదే ఇక్కడా ఆడాడు.

రాయడం గురించి నా అజ్ఞానం కూడా ఒకటి చెప్పాలి. మేం నేర్చుకున్న రోజుల్లో ముందు కాగితం మీద ఎత్తు రాసి, ఒకసారి చూసుకుని, అప్పుడు ఆడమనేవారు. తొందర తగ్గడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు. నేనూ పిల్లలకి అదే నేర్పాను. తర్వాత నిబంధన మారింది. ఆడకముందు రాయకూడదు. నేను పట్టించుకోలేదు. ఒక టోర్నమెంటులో ఆర్బిటర్, అంటే అంపైర్, వచ్చి మా అమ్మాయిని హెచ్చరిస్తే, ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని గోడవతల ఉన్న నా వైపు చూసింది. "మా టీచరే చెప్పారు" అందట. పిల్లకి తెలియని నిబంధన వల్ల ఓడిపోతే ఆ సున్నా కోచ్ ఖాతాలో వెయ్యాలని అప్పట్నుంచీ అనుకుంటాను.

ఈ మాటలు తల్లిదండ్రుల మీటింగులో అంటే ఒకాయన వెంటనే లేచారు. "మన కోనేరు హంపి ప్రపంచ ఛాంపియన్ అయ్యింది రాపిడ్‌లోనే కదా మేడమ్?" అన్నారు. మంచి ప్రశ్నే. హంపి 2019లోనూ, మళ్ళీ 2024లోనూ ప్రపంచ మహిళల రాపిడ్ టైటిల్ గెలిచింది. అక్కడ ఆటకి 15 నిమిషాలే, ఎత్తుకి 10 సెకన్లు. కానీ ఆమె గ్రాండ్‌మాస్టర్ అయ్యింది 2002లో, పదిహేనేళ్ళ వయసులో. ఆ టైటిల్ వేగం ఆటల్లో రాదు, గంటల తరబడి కూర్చునే ఆటల్లోనే వస్తుంది. వాళ్ళ నాన్న అశోక్ గారు ఉద్యోగం మానేసి మరీ ఆమెకి నేర్పారు. ముందు నిదానం నేర్చుకుని, ఆ నిదానంలో తెలిసినదాన్నే పదిహేను నిమిషాల్లోకి కుదించగలిగింది. మనవాళ్ళు మొదటి మెట్టు వదిలేసి రెండోదాని మీద కాలు వేస్తున్నారు.

మా విజయనగరంలో ఈ మాట ఇంకొకళ్ళు చెప్పాల్సిన అవసరమే లేదు నిజానికి. 1919లో పెట్టిన సంగీత కళాశాల మనకుంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. మా అప్ప, అంటే అక్క, అక్కడ వీణ నేర్చుకుంది. దాన్ని దింపడానికి వెళ్ళి నేను వరండాలో కూర్చునేదాన్ని. సరళీ వరుసలు మొదటి కాలంలో, అంటే నిదానంగా, నెలలకొద్దీ. అది కుదిరాకే రెండో కాలం, అదీ కుదిరితే మూడో కాలం. చేరిన వారానికే పిల్లని మూడో కాలంలో వాయించమని ఏ తల్లీ అడగదు. అడిగితే గురువు నవ్వుతారు. అదే తల్లి చెస్ దగ్గరికొచ్చేసరికి "ఎప్పుడు టోర్నమెంటుకి పంపిస్తారు?" అని రెండో వారమే అడుగుతుంది. నేను పంపిస్తాను. పంపకపోతే పక్క వీధిలో పంపేవాళ్ళున్నారు.

ఇక రేటింగ్, అంటే ఆటగాడి బలాన్ని చెప్పే అంకె. ఇది కొత్త జబ్బు. 2024 మార్చి నుంచి ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే జాబితాలో అడుగు మెట్టు 1400 చేశారు. అంతకు ముందు 1000 ఉన్నా పేరు కనిపించేది. ఇప్పుడు 1400 ఆట ఆడితేగానీ పేరు రాదు. ఆ రేటింగున్నవాళ్ళు ఉచ్చులకి పడరు. పిల్లలకి మార్పులు పెద్దవిగా ఉంటాయి కూడా. సమానమైనవాడి చేతిలో ఓడితే ఒక్క ఆటకి 20 పాయింట్లు పోతాయి. "ఇంకో టోర్నమెంటు ఆడితే వస్తుందేమో" అని అప్పుచేసి భువనేశ్వర్ దాకా తిప్పుతున్న తల్లిదండ్రులు నాకు తెలుసు. ఆ డబ్బులో పదోవంతుకి రెండు మంచి గడియారాలు కొని, ఇంట్లో అన్నదమ్ములిద్దర్నీ రెండేసి గంటలు కూర్చోబెట్టి ఆడించవచ్చు. అది మాత్రం ఎవరికీ రుచించదు. అందులో ఫొటో లేదు.

ఒప్పుకోవాల్సినవీ ఉన్నాయి. ఆరేళ్ళ పిల్లని మూడు గంటలు కుర్చీలో కూర్చోమనడం హింస. ఆ వయసుకి పదిహేను నిమిషాలే సరి. ఆ కప్పులే లేకపోతే మా మేడ మీదకి ఇందులో సగం మంది కూడా వచ్చేవారు కాదు. ఆదివారం టోర్నీ పిల్లల్ని చెస్‌లోకి తెస్తుంది, అందులో అబద్ధం లేదు. పదేళ్ళు దాటాక కూడా అక్కడే తిప్పుతుంటేనే నా గొడవ.

అయితే నిదానంగా ఆడమని చెప్తే సరిపోతుందా? నేను చాలాకాలం సరిపోతుందనుకున్నాను. "ఆలోచించి ఆడండి" అని ప్రతి క్లాసులోనూ అనేదాన్ని. ఓ రోజు ఒక పిల్ల నన్నే అడిగింది, "దేని గురించి ఆలోచించాలి టీచర్?" అని. నా దగ్గర జవాబు లేదు. ఖాళీగా తల పట్టుకుని కూర్చోవడం ఆలోచన కాదు. పిల్లలకి ఒక పని ఇవ్వాలి. అందుకని ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టాను. ఎదుటివాడు ఎత్తు వేసిన వెంటనే, చెయ్యి బోర్డు మీదకి పోకముందే, వాడు ఆ ఎత్తు ఎందుకు వేశాడో మనసులో చెప్పుకోవాలి. పిల్లలు దాన్ని మా యాసలోకి మార్చుకున్నారు: "ఆడెందుకాడేడు?" మేడ మీద గోడకి అట్టమీద రాసి అంటించారు కూడా. మా అమ్మ చదివి, "ఇదేం తెలుగమ్మా" అంది. వాడు అనే మాటని మేం ఆడు అంటాం, ఆడాడు అనేదాన్ని ఆడేడు అంటాం. పలకడానికి సరదాగా ఉంది కాబట్టి నిలిచింది.

రెండోది, పని లేకుండా నిలబడ్డ పావు ఏది? మూల ఏనుగు ఇరవై ఎత్తుల దాకా పుట్టినచోటే ఉంటే, ఆట ఒక ఏనుగు తక్కువతో ఆడుతున్నట్టే. మూడోది, నచ్చిన ఎత్తు దొరికాక ఇంకోటి వెతకాలి. ఈ మూడోదే కష్టం. నచ్చినది దొరికాక ఆగడం పెద్దవాళ్ళకే చేతకాదు, బట్టల కొట్లో చూడండి.

ఈ మూడూ చెయ్యడానికి ఎత్తుకి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పది నిమిషాల ఆటలో కుదరవు. కాబట్టి జూన్ నుంచి ఆదివారాలు మా మేడ మీద పొడుగాటలు మొదలుపెట్టాను. ఒక్కొక్కరికి గంట, ఎత్తుకి 30 సెకన్లు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఎత్తులు రాయాలి, టైము రాయాలి, ఆట అయ్యాక ఇద్దరూ కలిసి మళ్ళీ బోర్డు మీద వేసి చూడాలి. ఫీజు లేదు, కప్పు లేదు. పదకొండింటికి మజ్జిగ.

మొదటి ఆదివారం పద్నాలుగు మంది వచ్చారు. పాతిక నిమిషాలకి నాలుగు బోర్డులు ఖాళీ. పిల్లలు మేడ మీద క్రికెట్ మొదలుపెట్టారు. రెండో ఆదివారం పదకొండు మంది. నాలుగోవారానికి ఐదుగురు. ఒకరోజు కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే ఆ ఐదుగురిలో ఇద్దరు ఒకరికొకరు డ్రా ఇచ్చేసుకుని కిందికి పోయారు. ఒకావిడ ఫోన్ చేసి, "ఏమనుకోకండి టీచర్ గారూ, అదే ఆదివారం పక్క ఊళ్ళో టోర్నీ ఉంది, మా బాబుకి కప్పు వచ్చింది" అని చెప్పారు. ఆ బాబు ఆగస్టు నుంచి వేరే దగ్గర నేర్చుకుంటున్నాడు. నేను నొచ్చుకోలేదని చెప్తే అబద్ధం.

ఉన్న ఐదుగురిలో ఆటో ఆయన కొడుకున్నాడు. వాళ్ళ నాన్న మాత్రం ఒక్క ఆదివారమూ మానిపించలేదు. "ఆడు కూకుంటే చాలు టీచర్ గారూ" అనేవాడు.

దసరా తర్వాత నుంచి కాగితాల మీద మిగిలిన నిమిషాల అంకెలు మారాయి. 45, 31, 22, 14. డిసెంబరు 12న గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయిన ఆట, 2024లో సింగపూర్‌లో జరిగిన పద్నాలుగో ఆట, ఆ తేదీకి గుర్తుగా పిల్లల చేత వేయించాను. ఇద్దరికీ ఏనుగు, శకటు మిగిలి ఉన్నాయి. గుకేశ్‌కి ఒక్క బంటు ఎక్కువ. చూసినవాళ్ళందరికీ డ్రా. చాలామంది అక్కడ చెయ్యి కలిపేసేవారు. గుకేశ్ కలపలేదు. నాలుగు గంటలు దాటాక, 55వ ఎత్తులో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ ఏనుగుని తప్పు గడిలో పెట్టాడు. పావులు మారిపోయాయి, బంటు గెలిచింది, 7.5–6.5. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. పిల్లలకి ఆఖరి ఎత్తులు నచ్చాయి. నాకు నచ్చింది మాత్రం వాటికి ముందున్న ఎత్తులు, ఏమీ జరగని ఎత్తులు. "ఇక్కడ ఏం చేస్తన్నాడు టీచర్?" అని ఒకడు అడిగితే, "కూర్చున్నాడురా" అన్నాను.

జనవరిలో మళ్ళీ రేటింగ్ టోర్నమెంటు. మూడో రౌండు. పదింటికి ఆటలు మొదలయ్యాయి, పదకొండున్నరకి హాలు సగం ఖాళీ అయ్యింది. పన్నెండున్నరకి మావాళ్ళందరూ బయటే ఉన్నారు, వాడు తప్ప. వాళ్ళ నాన్న టిఫిన్ పొట్లం చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. "లోపల ఏటైనా గొడవేటండి?" అని నన్ను రెండుసార్లు అడిగాడు. గొడవేం లేదు, ఆడుతున్నాడని చెప్పాను.

ఒంటిగంటన్నరకి వచ్చాడు. 61 ఎత్తులు. ఓడిపోయాడు. కాగితం మీద ఆఖరి అంకె 9.

"ఏనుగు ఆఖరాట టీచర్. ఫిలిడార్ డ్రా లాగే వచ్చింది. నా వైపు నుంచి మూడో వరసలో ఏనుగుని ఉంచీసి, ఆడి బంటు ఆ వరసలోకి వచ్చీదాకా ఆగాల. అప్పుడు వెనక్కెళ్ళి చెక్‌లు చెప్పాల. నాను ముందే చెక్‌లు మొదలెట్టీసేను. ఆడి రాజు లోపలికొచ్చీసేడు."

గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఏడుపు లేదు. వాళ్ళ నాన్నకి ఒక్క ముక్క అర్థం కాలేదు, పొట్లం విప్పి చేతిలో పెట్టాడు. ఇడ్లీలు అప్పటికే చల్లారిపోయాయి. నిలబడే తిన్నాడు, మూడున్నరకి నాలుగో రౌండుంది. ఆ టోర్నమెంటులో వాడికి ఎనిమిదిలో మూడున్నర పాయింట్లు. రేటింగ్ రాలేదు.

ఈమధ్య మా ఊళ్ళో టోర్నీలు పెట్టే మిత్రుల్ని కూర్చోబెట్టి అడిగాను, నెలకి ఒక్క ఆదివారం పొడుగాటలకి వదలమని. రోజుకి మూడు రౌండ్లు, అండర్-11 పైన మాత్రమే, ముఖ్య అతిథి ఎవరైనా సరే ఆటలయ్యాకే రావాలి. ఆ ఆఖరి షరతు మీద గంట వాదన. హాలు అద్దె ఎవరు కట్టాలన్న దాని మీద మరో గంట. చివరికి ఒకాయన, "అన్నీ సరే గానీ టీచర్ గారూ, కప్పు ఒక్కటైనా లేకపోతే పిల్లలు రారు" అన్నారు. పిల్లలో తల్లిదండ్రులో నేను అడగలేదు. సరే అన్నాను.

నిన్న సాయంత్రం గంటస్తంభం వైపు వెళ్ళి, ఎప్పుడూ కొనే కొట్లోనే అడిగాను. ఆయన నన్ను చూడగానే అటక మీది అట్టపెట్టెలు దింపించడం మొదలుపెట్టాడు.

"ఎన్ని డజన్లు మేడమ్?"

"ఒకటి."

"డజనా?"

"కాదు. ఒక్క కప్పు."

అట్టపెట్టెలు మళ్ళీ పైకి ఎక్కించేదాకా ఆయన ఏమీ మాట్లాడలేదు. ఒక్కదానికైతే పేరు చెక్కడానికి వేరే డబ్బులట.